పోస్టరు వెనక్కి తిప్పితే

అయిజలో మా అమ్మ ఉండే ఇంట్లో, రేకుపెట్టె అడుగున, ఒక పోస్టరు ఉంది. హైదరాబాదు నగరానికి నాలుగు వందల ఏళ్లు నిండాయని 1991 ప్రాంతంలో జరిపిన ఉత్సవాల నాటిది. మడతల దగ్గర చిల్లులు పడ్డాయి. నాలుగు మూలలా మేకులు కొట్టిన గుర్తులున్నాయి. ముప్పయ్యేళ్లు దాటింది కాబట్టి దాన్నిప్పుడు పాత కాగితం అనకూడదట, వింటేజ్ పోస్టరు అనాలట. ఆ మాట చెప్పింది, పాత పోస్టర్లూ సినిమా వాల్‌పోస్టర్లూ అగ్గిపెట్టె బొమ్మలూ సేకరించి ప్రదర్శన పెట్టే ప్రయత్నంలో ఉన్న మిత్రులు. నా దగ్గర అలాంటిదొకటి ఉందని తెలిసి అడిగారు. ఫోటో తీసి పంపాను. చాలా సంతోషించారు.

"వెనకవైపు గట్టి అట్ట అతికించి, ముందు అద్దం వేయిస్తాం. ఇంకో వందేళ్లు చెక్కుచెదరదు" అన్నారు.

వెనకవైపు అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ పోస్టరులో ముందువైపు నగరానిది. వెనకవైపు మా అమ్మది. అట్ట అతికిస్తే మిగిలేది నగరం ఒక్కటే. అప్పటివరకూ ఆ కాగితానికి రెండు వైపులున్నాయని నాకు తెలుసు గానీ, ఒకవైపును కాపాడాలంటే ఇంకోవైపును కప్పేయాల్సి వస్తుందన్న సంగతి అంత సూటిగా ఎప్పుడూ తట్టలేదు. నగరాల చరిత్రను మనం ఎలా చదువుతున్నాం, ఎలా ఫ్రేము కడుతున్నాం అన్న ప్రశ్న అక్కడ మొదలైంది.

ముందుగా ముందువైపే చూద్దాం. ఒకప్పుడు ముదురు నీలం, ఇప్పుడు బూడిద రంగుకి తిరిగిన ఆకాశం. మధ్యలో చార్మినార్. దాని మీద పెద్ద అంకెల్లో 400. ఆ రెండు సున్నాలూ రెండు గడియారాలు. చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలున్నాయి కదా, 1889లో పెట్టినవి, బొమ్మ వేసినవారికి అక్కణ్ణుంచే ఆ ఊహ వచ్చి ఉంటుంది. కింద మూడు లిపుల్లో నగరం పేరు, 1591-1991 అని రెండు సంవత్సరాలు. ఎడమవైపు మూలన ఒక స్త్రీ నీడ. తల మీది దుపట్టా అంచు చేత్తో పట్టుకుని ఉంటుంది. ముంజేతి నిండా గాజులు. ముఖం లేదు. బొమ్మ వేసినవారి పేరు, అచ్చు వేయించినవారి పేరు ఉండాల్సిన కింది అంచు చిరిగిపోయింది.

మొదట ఆ రెండు అంకెలు. నగరానికి పుట్టినరోజు పెట్టాలంటే పుట్టుక ఒక్క రోజున, ఒక్క మనిషి సంకల్పంతో జరిగినట్టు చెప్పాలి. 1591ని అలాగే నిలబెట్టారు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా అనే రాజు, చార్మినార్ అనే కట్టడం, ఒక తేదీ. కానీ ఆ రాజు కాలగణన మన క్యాలెండరు కాదు. చార్మినార్ కట్టిన కాలం హిజ్రీ లెక్కలో సరిగ్గా 1000వ సంవత్సరం. ఆ లెక్కనే పట్టుకుంటే నాలుగు వందలేళ్లు 1979 నవంబరులో మొదలైన హిజ్రీ 1400 నాటికే నిండాయి. అంటే నగరం వయసు కూడా ఎవరి క్యాలెండరు చెల్లుతుందన్న దాన్నిబట్టే ఉంటుంది.

ఆ మూడేళ్లలో మన దేశంలో వరసగా మూడు నగరాలకు పుట్టినరోజులు వచ్చాయి. 1989లో మద్రాసుకు 350, 1990లో కలకత్తాకు 300, 1991లో హైదరాబాదుకు 400. మద్రాసుకు ఈస్టిండియా కంపెనీ వారి స్థల ఒప్పందం, కలకత్తాకు జాబ్ చార్నాక్ పడవ దిగిన రోజు, హైదరాబాదుకు ఒక సుల్తాను. మూడింటికీ ఒక తండ్రి కావలసి వచ్చాడు. కలకత్తా విషయంలో ఆ తండ్రిని 2003లో అక్కడి హైకోర్టే తీసేసింది. నగరం అంతకు ముందునుంచే ఉన్న ఊళ్లలోంచి ఎదిగిందనీ, దానికి స్థాపకుడు గానీ పుట్టినరోజు గానీ లేవనీ చెప్పింది. ఆ తీర్పు వార్త చదివినప్పుడు నేను నవ్వుకున్నాను. ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది, ఇల్లు ఒక్క రోజులో పుట్టదని. గృహప్రవేశం ముహూర్తం ఒకటి ఉంటుంది, నిజమే. కానీ ఇల్లు ఇల్లుగా నిలబడేది ఆ మర్నాటి నుంచి రోజూ చేసే పనివల్ల. ఆ పనికి తేదీ ఉండదు కాబట్టి ఉత్సవం కూడా ఉండదు.

ఇక ఆ నీడ. ఆమె భాగమతి అని చూసిన ప్రతివాళ్లూ చెబుతారు. పేరు రాయనక్కర్లేదు. చిచ్లం అనే ఊరి నాట్యకత్తె, యువరాజు ప్రేమ, మూసీ వరద, ఆ ప్రేమ కోసం తండ్రి కట్టించిన వంతెన, ఆమె పేరు మీద భాగ్యనగరం. ఇది మనందరికీ నోటికి వచ్చిన కథ. అయితే పురానాపూల్ కట్టింది 1578లో. 1565లో పుట్టిన మహమ్మద్ కులీకి అప్పటికి పదమూడేళ్లు. భాగమతి పేరు మీద నాణెం లేదు, శాసనం లేదు, కుతుబ్‌షాహీ సమాధుల తోటలో ఆమెకు సమాధి లేదు. హెచ్.కె. షేర్వానీ వంటి చరిత్రకారులు ఆమెను కల్పన అన్నారు. భాగమతి కాదు, బాగ్‌లు, అంటే తోటలు ఉన్న నగరం అన్నారు. నరేంద్ర లూథర్ వంటివారు ఆమె ఉందని వాదించారు. పాత పారశీక రచనల్లో భాగ్‌నగర్ ప్రస్తావన ఉందని చూపించారు. ఈ వాదన దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. ఇటీవలి కాలంలో నగరం పేరు మార్చాలనే రాజకీయాలు కూడా ఆ పేరును వాడుకోవడం మొదలుపెట్టాయి. ఆమె ఉందా లేదా అన్నది ఇప్పుడు ఆమె గురించిన ప్రశ్న కూడా కాకుండా పోయింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట, అప్పుడప్పుడే రాయడం మొదలుపెట్టిన రోజుల్లో, ఒక సదస్సులో నేను భాగమతి మీద పత్రం చదివాను. ఈ నగరానికి తండ్రి ఒక్కడే కాదు, తల్లి కూడా ఉంది, చరిత్రకారులు ఆమెను చెరిపేశారు అన్నది నా వాదన. చప్పట్లు బాగా పడ్డాయి. రాజు పక్కన ఒక స్త్రీని నిలబెట్టగలిగానని నాకూ గర్వంగానే ఉంది. ఆ సంతోషంలో ఊరికి వెళ్లినప్పుడు పెట్టెలోంచి ఈ పోస్టరు తీసి, ఆ నీడను చూపించి, అమ్మకు కథంతా చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది.

"అట్లనా. మరి ఆమె ఏం పని చేస్తుండె?"

"ఆడుతుండె అమ్మా, పాడుతుండె."

"అదీ పనే గదా. మరి కూలి ఎవరిస్తుండిరి?"

నా దగ్గర జవాబు లేదు. పన్నెండు పేజీల పత్రంలో ప్రేమ ఉంది, సౌందర్యం ఉంది, మతాల కలయిక ఉంది, చెరిపివేత ఉంది. ఆమె చేసిన పని లేదు. ఆడటం ఒక విద్య, దానికి ఏళ్ల సాధన కావాలి, గురువులు, వాద్యకారులు, తోటి ఆటగత్తెలు కావాలి, దానితో ఇల్లు గడవాలి అనే ఆలోచన నాకు రాలేదు. ప్రేమించబడటం తప్ప ఆమెకు నేను వేరే పని ఏదీ ఇవ్వలేదు. చరిత్రకారులు ఆమె లేదన్నారు. నేను ఉందన్నాను. ఉందంటూనే ఆమెను ఆ నీడలాగే, ఎడమవైపు మూలన, గాజులతో సహా నిలబెట్టాను. పోస్టరును విమర్శిస్తున్నాననుకుంటూ నేనూ ఇంకో పోస్టరు వేశాను.

అమ్మ అడిగిన ప్రశ్న పట్టుకుని ఆ నగరాన్ని మళ్లీ చదవడం మొదలుపెడితే వేరే స్త్రీలు కనిపించారు. వీళ్లు ఉన్నారా లేదా అని ఎవరూ వాదించనక్కర్లేనివాళ్లు. ఏం పని చేశారో రాసిపెట్టి ఉంది.

హయాత్ బక్షీ బేగం ఒకరు. స్థాపకుడని చెప్పే మహమ్మద్ కులీకి కూతురు. తర్వాతి సుల్తానుకు భార్య. ఆ తర్వాతి సుల్తాను అబ్దుల్లాకు తల్లి. కొడుకు చిన్నవాడు కావడంతో రాజ్యం నడిపింది ఆమె. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి కోసం స్వయంగా వెళ్లి మాట్లాడింది. 1667లో చనిపోయింది. హయత్‌నగర్ ఆమె పేరు మీద వచ్చింది. రోజూ లక్షల మంది నోట నలిగే మాసబ్ ట్యాంక్ నిజానికి ఆ మాసాహెబా చెరువే. తల్లిగారి చెరువు అని అర్థం. ఆ చెరువు మీద ఇప్పుడు నగరం లేచింది, పేరులో తల్లి కూడా కరిగిపోయింది. రాజ్యం నడపడం, నీళ్లు నిలపడం, యుద్ధం ఆపడం చేసిన మనిషి నగర ఉత్సవపు పోస్టరుకు పనికిరాలేదు. ఎందుకంటే ఆమె కూతురుగా, భార్యగా, తల్లిగా కూడా పరిపాలకురాలే. ఆమెను నీడగా గీయడం కష్టం.

మహ్‌లఖా బాయి చందా ఇంకొకరు. 1768లో పుట్టి 1824లో చనిపోయిన ఉర్దూ కవయిత్రి, ఆటగత్తె, నిజాముల దర్బారులో జాగీరు పొందిన మనిషి. అడిక్‌మెట్ ఆమె జాగీరులోదే. అమ్మ అడిగిన కూలి ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. ఆమెకు తన విద్యకు ప్రతిఫలం భూముల రూపంలో అందింది, ఆ భూమితో ఏం చేయాలో ఆమే నిర్ణయించుకుంది. మౌలాలి గుట్ట కింద తన తల్లికి సమాధి తోట కట్టించింది. తర్వాత తానూ అక్కడే నిద్రపోతోంది. తన గజళ్ల సంపుటం ప్రతిని 1799లో జాన్ మాల్కం అనే బ్రిటిష్ అధికారికి బహూకరించింది. ఆ ప్రతి ఇప్పుడు లండన్‌లో ఉంది. కులీ కుతుబ్‌షా కవి కూడా అని ఉత్సవాల్లో పదేపదే చెప్పుకున్నాం. నగరానికి కవయిత్రి కూడా ఉందని చెప్పుకోలేదు.

అయితే ఆ పని అప్పుడే జరుగుతోంది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటం న్యూయార్క్‌లో వెలువడింది సరిగ్గా 1991లోనే. అందులో మహ్‌లఖా బాయి ఉంది. హైదరాబాదు వీధుల్లో ఆ నీడ ఉన్న పోస్టర్లు వేలాడుతున్న ఏడాదే, ఆ ఊరిలోనే కూర్చుని పనిచేసిన స్త్రీలు ఆమెకు ముఖం ఇచ్చారు. అంతకు ఐదేళ్ల ముందు, 1986లో, స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు వాళ్ల నోటనే విన్న పుస్తకం అది. చరిత్ర అంటే తేదీలు కాదు, ఆ రోజుల్లో నువ్వేం చేశావని అడిగి, చెప్పేదాకా ఓపికపట్టి కూర్చోవడం అని నాకు నేర్పింది ఆ పుస్తకమే. నేర్పినా, నా ఇంట్లో ఉన్న మనిషిని అడగడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

1991 గురించి ఇంకా కొన్ని చెప్పుకోవాలి. పోస్టరు మీద 400 అనే అంకె తప్ప ఆ ఏటిది ఏదీ లేదు కాబట్టి. అంతకు ముందు డిసెంబరులో, 1990లో, హైదరాబాదులో మత కల్లోలాలు జరిగాయి. వందమందికి పైగా చనిపోయారు. పాతబస్తీలో కర్ఫ్యూ. ముఖ్యమంత్రి చెన్నారెడ్డి పదవి వదులుకోవాల్సి వచ్చింది. కలిసి బతికిన నాలుగు వందల ఏళ్ల గురించి గొప్పగా చెప్పుకుంటున్న నగరం, ఆ మాట చెప్పుకోవడానికి కొన్ని నెలల ముందే చచ్చినవాళ్లను లెక్కపెట్టుకుంది. 1991 ఆగస్టులో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పదేళ్ల పిల్ల ఒకతి ఏడుస్తుంటే, ఒక విమాన పరిచారిక ఎందుకని అడిగింది. పక్కన కూర్చున్న అరవయ్యేళ్ల అరబ్బు దేశస్థుడు ఆమె భర్త అని తేలింది. దేశమంతా ఆ వార్త చదివింది. ఒక చిన్న పిల్ల ఏడుపు గురించి ఒక ఉద్యోగం చేసుకునే స్త్రీ అడిగింది కాబట్టి బయటపడిన సంగతి అది. ప్రేమకథతో పుట్టిందని చెప్పుకునే నగరంలో, ఆ ప్రేమకథకు పండుగ చేసుకుంటున్న ఏడాదిలో. ఆ ఏడాదే జనాభా లెక్కలు తీశారు. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 33 శాతం లోపే ఉంది. మూడు లిపుల్లో రాసిన నగరం పేరు ఏ లిపిలోనూ చదవలేని స్త్రీలు ప్రతి ముగ్గురిలో ఇద్దరు. వాళ్లలో ఒకరు మా అమ్మ.

ఇప్పుడు పోస్టరు వెనక్కి తిప్పుదాం.

మాది నడిగడ్డ. ఒకవైపు కృష్ణ, ఒకవైపు తుంగభద్ర, నడిమధ్య మేము. రెండు నదుల మధ్య ఉన్నామని పేరే గానీ, రాజోలిబండ కాలువ నీళ్లు చివరి భూములకు అందిన ఏడు తక్కువ. నీళ్లు రాని ఏడు మనుషులు వెళ్లిపోతారు. పాలమూరు లేబరు అని దేశమంతా పిలిచేది ఇలా వెళ్లినవాళ్లనే. గుంపు మేస్త్రి ముందుగా కొంత అప్పు ఇస్తాడు, ఆ అప్పు తీరేదాకా ఆయన చెప్పినచోట పని. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, నగరాల్లో మేడలు. మా అమ్మానాన్నలు ఆ ఏడు సంక్రాంతి దాటాక అప్పు తీసుకుని హైదరాబాదు వెళ్లారు. నన్ను అవ్వ దగ్గర వదిలిపెట్టారు. నాకప్పుడు ఏడేళ్లు.

ఒక అపార్ట్‌మెంట్ పని. నాన్న మేస్త్రీల దగ్గర, అమ్మ మాలు మోసే పని. కింద కలిపిన మాలు గమేళాలో ఎత్తుకుని, వెదురు నిచ్చెన మీదుగా మూడో అంతస్తు దాకా. కట్టే చోటే గుడిసె. ఉత్సవాల పోస్టరు ఒకటి రోడ్డు పక్కన కర్రల చట్రానికి కొట్టినది సగం ఊడి వేలాడుతుంటే, మందంగా ఉందని అమ్మ తెచ్చి గుడిసెకు చాటు కట్టింది. బొమ్మ రోడ్డు వైపు. తెల్లవైపు లోపలికి. దాని మీద పొయ్యి బొగ్గుతో రోజుకొక గీత గీసింది.

ఎందుకు గీశావని చాలా ఏళ్ల తర్వాత అడిగాను. మేస్త్రి నోటుబుక్కులో నాన్న పేరు ఉందట. అమ్మ పేరు లేదట. నాన్న పేరు పక్కన 'ఆలు' అని మాత్రం రాసుకున్నాడట. దినాలు తప్పుగా చెబితే ఎదురు చెప్పడానికి తన దగ్గర లెక్క ఉండాలని గీసింది. నాలుగు గీతలు నిలువుగా, ఐదోది అడ్డంగా. మొత్తం 143. వాటిలో 19 గీతల చుట్టూ సున్నాలు చుట్టింది. పని చేసినా కూలి రాని దినాలు అవి. ఆ సున్నాల్లో గడియారాలు లేవు.

ఆ గీతల కింద వేరే చేతిరాత ఉంది. నీలం పెన్నుతో, వంకరటింకర అంకెలు. అది నాది. నాకు పదకొండేళ్లు వచ్చేసరికి మా వైపు సీడు పత్తి బాగా పెరిగింది. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు గిల్లి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున్నే మగ పూలు తెచ్చి వాటికి రుద్దాలి. క్రాసింగ్ అంటారు. ఆడపిల్లల వేళ్లు చిన్నవి కాబట్టి మొగ్గ దెబ్బతినదని, ఓపికగా వంగి చేస్తారని చెప్పేవాళ్లు. అసలు సంగతి మాకు తక్కువ కూలి ఇవ్వొచ్చని. ఆ రెండు సీజన్లు నేను బడి ఎన్ని రోజులు మానేశానో, ఎన్ని రోజుల కూలి వచ్చిందో అమ్మ నాతోనే రాయించింది. గద్వాల ప్రాంతం విత్తన పత్తికి దేశంలోనే పేరున్న చోటని ఇప్పుడు చెబుతారు. ఆ పేరు వెనక ఎన్ని ఇళ్లలో ఎన్ని పెట్టెల అడుగున ఇలాంటి లెక్కలున్నాయో.

దీన్ని హైదరాబాదు మీద కోపంగా మాత్రమే చదవొద్దు. మా గద్వాలలో కూడా ఇదే వరస. నేను చదువుకున్న డిగ్రీ కాలేజీకి మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు. సంస్థానాన్ని చివరిగా ఏలిన స్త్రీ ఆమె. కోట లోపలే కాలేజీ. రాణి పేరు రోజూ హాజరు పట్టీ మీద చూసినా ఆమె ఏం చేసిందో మాకెవరూ చెప్పలేదు. గద్వాల చీర గురించి చెప్పమంటే అందరూ చెబుతారు, నూలు ఒళ్లు, పట్టు అంచు, మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందని. ఆ చీర నేసేవాడి ఇంట్లో కండెలు చుట్టే స్త్రీ ఏ మాటలోనూ రాదు. లాడ్ బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది, సంతోషం. పోస్టరులోని ఆ ముంజేతి గాజులు కూడా పాతబస్తీ ఇళ్లలో స్త్రీలు వేడి లక్క మీద ఒక్కొక్క రాయి అద్దినవే అయి ఉంటాయి. గాజు కనిపిస్తుంది, చీర కనిపిస్తుంది, చార్మినార్ కనిపిస్తుంది. వస్తువును ఎంత ఎక్కువ మెచ్చుకుంటే చేసిన చేయి అంత వెనక్కి పోతుంది.

నిజానికి ఇంకోలా చూడమని చెప్పిన పెద్దమనిషి మా నడిగడ్డలోనే ఉన్నాడు. సురవరం ప్రతాపరెడ్డి. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసి, 1955లో తెలుగుకు మొదటి సాహిత్య అకాడెమీ బహుమతి పొందినవాడు. రాజుల యుద్ధాల కన్నా జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నదే చరిత్ర అని, కావ్యాల్లోంచి ఆ వివరాలు ఏరి కూర్చాడు. ఆ దారి చూపించినందుకు కృతజ్ఞత ఉంది. కానీ కావ్యాల్లో దొరకని చరిత్ర కూడా ఉంది. బొగ్గుతో గీసింది. దాన్ని ఏరాల్సింది మనమే.

ఇది రాస్తున్నప్పుడు నాకొక భయం ఉంది. భాగమతిని పోస్టరు చేసినట్టే నేనిప్పుడు అమ్మను పోస్టరు చేస్తున్నానా? మాలు గమేళా నెత్తిన పెట్టుకున్న పాలమూరు స్త్రీ బొమ్మ కూడా మనకు బాగా అలవాటైన బొమ్మే. స్త్రీవాద పత్రికల ముఖచిత్రాల మీద, సదస్సుల బ్యానర్ల మీద ఆమె చాలాసార్లు కనిపించింది. ఆమె కష్టాన్ని గౌరవిస్తూనే ఆమె ముఖాన్ని తీసేసి నీడ చేయడం మనకూ వచ్చు. ఆ 143 గీతలను 'శ్రామిక స్త్రీ లిపి' అని పొగిడి ఒక పత్రం రాయడం నాకు కష్టం కాదు, చప్పట్లూ పడతాయి. కానీ అవి లిపి కాదు, ప్రతీక కాదు. అవి లెక్క. లెక్కను లెక్కగా చదవడం అంటే రావాల్సింది ఎంత, ఎవరివ్వాలి అని అడగడం.

అందుకే ప్రదర్శన వాళ్లకు ఏమీ చెప్పకుండా ముందు అయిజ వెళ్లాను. తిక్క వీరేశ్వరస్వామి జాతర రోజులు. ఇల్లంతా చుట్టాలు. రాత్రి అందరూ పడుకున్నాక పోస్టరు తీసి మంచం మీద పరిచాను. పట్నంలో దీన్ని గోడకు పెడతారట, అద్దం వేస్తారట, వెనక అట్ట అతికిస్తారట అని చెప్పాను. ఇవ్వాలా వద్దా అని అడిగాను.

"ఇయ్యి. పెట్టెల ఉండి ఏం జేస్తది, చెదలు తింటది" అన్నది. కాసేపు ఆగి, "అట్ట ఎందుకు అతికిస్తరే? ఎనకదిక్కు గూడ చూపిస్తే వాండ్లకేం పోతది?" అన్నది.

"అట్లనే చెప్తా అమ్మా. నీ పేరు రాయిస్తా దాని కింద."

"పేరొద్దు."

ఎందుకని అడిగాను. మనం పేర్లు నిలబెట్టాలని మాట్లాడేవాళ్లం కదా, నాకు ఆశ్చర్యం వేసింది. అమ్మ గొంతు తగ్గించి చెప్పింది. ఆ మేస్త్రి పోయాడు గానీ ఆయన మనవళ్లు మన వీధిలోనే ఉన్నారు, మంచీ చెడూ ఒకరికొకరం కావాలి, వాళ్ల తాత మాట నలుగురిలో పడేయడం నాకిష్టం లేదు అన్నది. పేరు లేకపోవడం ప్రతిసారీ చెరిపివేత కాదనీ, కొన్నిసార్లు అది ఆ స్త్రీ ఆలోచించి తీసుకున్న నిర్ణయమనీ నాకు ఆ రాత్రి అర్థమైంది. అయినా లెక్క మాత్రం ఆమె వదల్లేదు. పడుకోబోతూ మళ్లీ పిలిచింది.

"ఆ సున్నాలు చుట్టినయి ఉన్నయి జూడు, పంతొమ్మిది. అయి ముందుగాల్ల వేరే కాయితం మీద ఎక్కించుకో. కాయితం పోతే పోనీ, లెక్క పోవద్దు."

మర్నాడు నోటుబుక్కులో 143 గీతలూ ఎక్కించాను, సున్నాలతో సహా. హైదరాబాదు తిరిగొచ్చి మిత్రులకు ఉత్తరం రాశాను. పోస్టరు ఇస్తాను గానీ రెండు వైపులా అద్దం వేయాలి, గోడకు ఆనించకుండా మధ్యలో వేలాడదీయాలి, చూసేవాళ్లు చుట్టూ తిరిగి చూడగలగాలి అన్నాను. ఖర్చు ఎక్కువవుతుందన్నారు, తర్వాత సరేనన్నారు. కింద పెట్టే చీటీలో చిత్రకారుడి పేరు, సంవత్సరం రాసి పంపమన్నారు. నేను ఇలా రాసి పంపాను:

హైదరాబాదు నాలుగు వందల ఏళ్ల ఉత్సవాల పోస్టరు, 1991. ముందువైపు బొమ్మ వేసినవారి పేరు చిరిగిపోయింది. వెనకవైపు గీతలు గీసింది ఆ ఏడు ఈ నగరంలో ఇల్లు కట్టిన అయిజ కూలి స్త్రీ. పేరు వద్దన్నారు. పనిచేసిన దినాలు 143. కూలి అందినవి 124. మిగిలినవి బాకీ.